పాటిదిబ్బ, రోమన్ కోట

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక పోస్టుకార్డు. రెండే వాక్యాలు. "అది కోట అని నేనెక్కడా అనలేదు. ఆయన చెప్పే మాటలతో నాకు సంబంధం లేదు." రెంటిలోనూ అబద్ధం లేదు. కింద సంతకం పెట్టాను. సొంత అన్నయ్యకు రాస్తున్న కార్డు మీద కూడా పేరు పక్కన ఎం.ఏ. అని రాసుకున్నాను. బాపట్ల స్టేషను దగ్గర డబ్బాలో వేసి, ప్యాసింజరు బండెక్కి, కిటికీ పక్కన చోటు దొరికినందుకు సంతోషిస్తూ తెనాలి వెళ్ళిపోయాను.

ఆ తరువాత చాలా ఏళ్ళు ఉద్యోగం చేశాను. వ్యాసాలు రాశాను. ఒక పాఠ్యపుస్తకంలో రెండు అధ్యాయాలు కూడా రాశాను. వాటిలో ఏదీ చారెడు మట్టిని కదిలించలేదు. ఈ కార్డు మాత్రం ఒక దిబ్బనంతా ట్రాక్టరుకెత్తించింది.

అరవైల చివరి సంగతి ఇది. బాపట్లలో ఒక కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. కాపురం తెనాలిలో. పుట్టిన ఊరు రేపల్లె దాటాక, కృష్ణ కరకట్టకు దగ్గరగా ఉంది. పొలాలు అన్నయ్య చూసుకునేవాడు. నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి నన్ను ఎవరూ ఏ పనీ అడిగేవారు కాదు. అదొక గౌరవం అనుకునేవాణ్ణి.

నాకప్పుడు ఒక కోట ఉండేది. మా కాలేజీ గ్రంథాలయంలో ఎవరూ తెరవని లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. డాన్యూబ్ నదిని దాటే ఒక రేవు దగ్గర రోమన్లు కట్టుకున్న సైనికుల కోటను తవ్వినవాళ్ళు రాసిన నివేదిక. అయిదారు వేలమంది సిపాయిలు ఉండే కోట. రేవును కాచుకోవడమే దాని పని. ఆ పుస్తకం తెచ్చుకుని రెండేళ్ళు తిరిగి ఇవ్వలేదు. అడిగే నాథుడూ లేడు. నాలుగు ద్వారాలు, గుండ్రంగా తిప్పిన మూలలు, చుట్టూ కందకం, రెండు వీధులు కలిసేచోట సేనాపతి కచేరీ, ఎలుకలకూ చెమ్మకూ అందకుండా నేల ఎత్తి కట్టిన ధాన్యపు కొట్లు, గాయపడ్డవాళ్ళకు ఆసుపత్రి, అన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. మా ఇంట్లో బియ్యం డబ్బా ఎక్కడుందో తెలియాలంటే మా ఆవిణ్ణి అడగాలి. ఆ సైన్యం గోధుమలు ఎక్కడ పోసుకుందో మాత్రం కళ్ళు మూసుకుని చూపించగలను. అప్పటికి నేను చూసిన లోకానికి ఉత్తరాన విశాఖపట్నం, దక్షిణాన మద్రాసు హద్దులు.

తెనాలిలో నెలకొక ఉపన్యాసం పెట్టించే పెద్దమనుషులు కొందరు ఉండేవారు. ఉపన్యాసం అర్థమైపోతే వాళ్ళకు చిన్నతనంగా ఉండేది. పక్కవాడికి అర్థమవుతోందేమోనన్న అనుమానంతో ప్రతివాడూ తలాడించేవాడు. అలాంటి సభ నాకు తగినదే. మాఘమాసంలో ఒక ఆదివారం సాయంత్రం నా కోట గురించి మాట్లాడమన్నారు. కోటు తొడుక్కుని వెళ్ళాను. పుస్తకంలోని బొమ్మలు గోడ మీద పెద్దగా పడేలా చేసే యంత్రం ఒకటి అరువు తెచ్చాను. అధ్యక్షుడు పది నిమిషాలు నన్ను పొగిడి, తరువాతి గంటంతా కునికి, చివర్లో లేచి "ఇలాంటి ఉపన్యాసం నా జన్మలో వినలేదు" అన్నాడు. అది నిజమే.

ఆ గంటలో నేను చెప్పినవాటిలో రెండు ముక్కలు ఇప్పటికీ నా చెవుల్లో గింగురుమంటాయి. కోట పాడుబడ్డాక చుట్టుపక్కల రైతులు దాని రాళ్ళు ఎత్తుకుపోయి పందుల దొడ్లు కట్టుకున్నారని చెప్పి, గొంతు దించి, "చరిత్ర విలువ తెలియని జనం ఇలాగే చేస్తారు" అన్నాను. హాలంతా చప్పరించింది. రెండోది: "తవ్వకంలో దొరికిన ప్రతి ముక్కా ఎక్కడ దొరికిందో రాసుకోవాలి. చోటు తెలియని ముక్క చరిత్ర కాదు, వట్టి పెంకు." దీనికి చప్పట్లు కొట్టారు.

చప్పరించినవాళ్ళలో సగంమంది ఊళ్ళలో పాటిదిబ్బలు ఉన్నాయి. మా ఊళ్ళో ఉంది. ఎప్పటివో పాత ఊళ్ళు కూలిపోయి, గోడలూ బూడిదా పెంటా కలిసి గుట్టగా మిగిలితే దాన్ని పాటిదిబ్బ అంటారు. ఆ మట్టి పాటిమన్ను. నారుమడికి దాన్ని మించిన ఎరువు లేదు. నూర్పిళ్ళు అయిపోయాక ఎండాకాలంలో బళ్ళు కట్టి తవ్వి తోలుకుంటారు. మా దిబ్బ రేవుకు పోయే దారి పక్కన, కరకట్టకు ఈవల ఉండేది. ఆ రేవులోనే కృష్ణ దాటి దివిసీమకు పోయే పడవలు ఆగేవి. దిబ్బ మీద ఇంటింటికీ వంతులు ఉండేవి. ఈశాన్యపు మూల మా ఇంటిది. నడిమి భాగం రెండో వీధివాళ్ళది. ఒకరి వంతులో ఇంకొకరు గడ్డపార దించితే తలలు పగిలేవి. ఏ కాగితంలోనూ లేదు, అంతా తాతలనాటి నోటిమాట. మద్రాసులో ఎం.ఏ. చదివే రోజుల్లో సెలవులకు వచ్చినప్పుడు నేనూ ఆ బళ్ళ వెంట నడిచాను. చేలో మన్ను వెదజల్లుతుంటే పెంకులు కాళ్ళకు గుచ్చుకునేవి. ఏరి గట్టవతలికి విసిరేవాణ్ణి. అద్దంలా మెరిసే నల్లటి పెంకులు కూడా విసిరాను. ఏ సబ్జెక్టులో ఎం.ఏ. అని ఎవరూ అడగలేదు.

ఉపన్యాసం చివర్లో ఒక రోమన్ ఇంటికప్పు పెంకు బొమ్మ వేశాను. పచ్చి పెంకులు ఆరబెట్టినప్పుడు ఒక కుక్క వాటి మీదుగా నడిచిపోయింది. ఆ అడుగు అలాగే కాలి ఇన్ని వందల ఏళ్ళు నిలిచింది. జనం ముచ్చటపడ్డారు. "ఏమైనా సందేహాలుంటే" అన్నాను. ఇలాంటి సభల్లో సందేహాలు ఉండవు, కాఫీ ఉంటుంది.

వెనక వరసలోంచి ఒకాయన లేచాడు. తెల్ల పంచె, ఖాకీ చొక్కా, చంకలో తువ్వాల్లో చుట్టిన ఏదో బరువు. చూడగానే గుర్తుపట్టాను. మా ఊరాయనే. సర్వే శాఖలో నలభై ఏళ్ళు గొలుసు లాగి రిటైరయ్యాడు. పొలం కొలిచేటప్పుడు ఇనపగొలుసు కొస పట్టుకుని ముళ్ళనీ బురదనీ లెక్కచేయకుండా తిన్నగా నడిచే ఉద్యోగం. ఊళ్ళో నేనాయన్ని బాబాయ్ అనే పిలుస్తాను.

"సార్, తమరు చూపించిన కోటకి మూలలు గుండ్రంగా ఉన్నాయి గదండీ. మన రేవు కాడ దిబ్బకీ అలాగే ఉన్నాయండి. గొలుసేసి చూశాను. చుట్టూ కందకం లాగా పల్లం కూడా ఉందండి. ఇదిగోండి, ఈ ఇటిక అక్కడిదే. దీనిమీదా కుక్క అడుగుందండి."

తువ్వాలు విప్పాడు. సగానికి విరిగిన ఇటుక. మనం వాడే ఇటుకలకు రెండింతలు ఉంటుంది. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి, ఇటుక వంక కాదు, ఆయన చొక్కా వంక చూశారు. తరువాత నా వంక చూశారు. ఇతను నీకు తెలుసా అన్నట్టు చూశారనిపించింది. అది చాలు నాకు.

"ఏమయ్యా," అన్నాను, "అయితే రోమ్ కుక్క డాన్యూబ్‌లో దూకి రేపల్లెలో తేలిందంటావా?"

హాలు గొల్లుమంది. ఒక ప్లీడరుగారు "ఈది ఎందుకొస్తుందండీ, రైల్లో వచ్చుంటుంది, టిక్కెట్టు లేకుండా!" అన్నాడు. మళ్ళీ గొల్లుమంది.

ఆయన కూడా నవ్వాడు. "కుక్క మనదేలెండి. ఇటికలారేసినోడు కర్ర పట్టుకుని కూచోకపోతే ఏ ఊళ్ళోనైనా తొక్కుద్ది. నే జెప్పేది మూలల సంగతండి."

అదే ఆ సాయంత్రం ఆ హాల్లో ఎవరైనా అన్న ఒకే ఒక్క తెలివైన మాట. అప్పటికే వందన సమర్పణ మొదలైంది.

ఇంటికి నడిచి వస్తుంటే, సభకు నాతో వచ్చిన మా ఆవిడ అడిగింది.

"ఆ ఇటికాయన మీ ఊరాయన కాదూ?"

"ఎవరో."

"ఎవరో ఏంటండీ? మన పెళ్ళికి మీ ఇంటి ముందు పందిరి గుంజలు గొలుసేసి మరీ పాతించింది ఆయనేగా? బాబాయ్ అని నాచేత కాళ్ళకి దణ్ణం కూడా పెట్టించారు."

"దూరంగా ఉన్నాడు. సరిగ్గా కనబడలా."

"డాన్యూబ్ కనబడింది గానీ పాపం!" అని నాకన్నా ముందు నడిచింది.

మూడు వారాల తరువాత ఆయన బాపట్ల వచ్చాడు. రేపల్లెలో తెల్లవారుజాము బండి ఎక్కి, తెనాలిలో మారి, స్టేషను నుంచి కాలేజీకి నడిచి వచ్చాడు. స్టాఫ్ రూములో మేం ఆరుగురం కూర్చుని, జీతాలు పెంచకపోతే దేశం ఏమైపోతుందో మాట్లాడుకుంటున్నాం. తలుపు దగ్గర ఆయన్ని చూసి, "అక్కడ కూచో, వస్తా" అని వరండాలో బల్ల చూపించాను. దేశాన్ని ఇంకో ముప్పావు గంట చర్చించాం. ఎవరండీ ఆయన అని ఒకరడిగితే, "మా పొలాల మనిషి" అన్నాను. నాలుగు తరాలుగా మా పొలం హద్దులు తేల్చిన ఇల్లు ఆయనది. ఆ లెక్కన అబద్ధమేం కాదని నాకు నేను చెప్పుకున్నాను. నిజాలతో అబద్ధాలాడడం నాకు ముందునుంచీ అలవాటే.

ఆయన సంచిలోంచి చుట్టిన కాగితం తీసి వరండాలోనే బల్ల మీద పరిచాడు. దిబ్బ పటం. గీత ఎక్కడా తొణకలేదు. నదీ, కరకట్టా, రేవు దారీ, గుండ్రంగా తిరిగిన నాలుగు మూలలూ, పల్లం చుట్టుకొలతా అన్నీ ఉన్నాయి. దిబ్బ మీద అడ్డంగా నిలువుగా చుక్కల గీతలు.

"ఇవేంటి?"

"వంతులండి. ఎవరిది ఎందాకానో."

"కోట పటంలో వంతులెందుకు బాబాయ్? ఎవరైనా చూస్తే నవ్వుతారు."

"కొలిచేటప్పుడు ఉన్న హద్దు వదిలెయ్యకూడదండి. మాకు అదే నేర్పారు."

తరువాత వచ్చిన పని చెప్పాడు. ఉగాది వెళ్ళగానే పాటిబళ్ళు కడతారు. ఈసారి మా అన్నయ్య ట్రాక్టరు మాట్లాడాడు. బళ్ళయితే ఏటా కొంచెం కొరుకుతాయి. ట్రాక్టరు దిగితే ఒక్క వేసవిలో దిబ్బ నేలమట్టం.

"పురావస్తు శాఖవాళ్ళకి తమరొక్క ఉత్తరం ముక్క రాయండి అబ్బాయిగారూ. నేను రాస్తే ఎవరు చదువుతారండీ? వాళ్ళొచ్చి చూసి కోటా కాదు గీటా కాదంటే, నేనే దగ్గరుండి తోలిస్తాను. ఈ ఒక్క ఏడూ ఆగితే చాలు."

"నీకెందుకు బాబాయ్ ఇంత పట్టింపు?"

పటం కొసలు గాలికి లేవకుండా నొక్కిపట్టాడు. "నలభై ఏళ్ళు కొలిచానండి. ఏ పటం మీదా గొలుసు పట్టినోడి పేరుండదు. ఉండక్కర్లా. కానీ అవన్నీ కొలవమంటే కొలిచినియ్యి. ఇదొక్కటీ ఎవరూ చెప్పకుండా నాకై నేను కొలిచింది."

గంట కొట్టారు. "చూద్దాంలే" అన్నాను. పటం తీసుకుని నా సొరుగులో వేశాను. చూద్దాం అనే మాటలో చూడడం తప్ప మిగతావన్నీ ఉంటాయి.

ఉత్తరం రాయలేదని కాదు. మొదలుపెట్టాను. "మా స్వగ్రామంలో" అని రాయగానే చెయ్యి ఆగింది. దాన్ని చదివే అధికారి ఎవరో నాకు తెలుసు, సెమినార్లలో చూశాను. రేపు ఆయన వచ్చి, దిబ్బ తవ్వి, కింద పశువుల కొట్టం తేలితే? పల్లెటూరి లెక్చరర్ పెరట్లో కోట కనిపెట్టాడట అని వాల్తేరు యూనివర్సిటీ దాకా నవ్వుకుంటారు. డాన్యూబ్ కోటకు ఆ భయం లేదు. అది ముందే రుజువైంది, నేను ఊరికే దాని పక్కన నిలబడితే సరిపోతుంది. ఉత్తరం నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాను.

ఉగాది వెళ్ళిన వారానికి అన్నయ్య కార్డు వచ్చింది. "దిబ్బ మీద తవ్వొద్దని బాబాయ్ అడ్డం తిరుగుతున్నాడు. అది కోట అని నువ్వన్నావని ఊళ్ళో అనుకుంటున్నారు. నువ్వంటే ఆపేస్తాం. అన్నావా లేదా వెంటనే రాయి."

నువ్వంటే ఆపేస్తాం. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో. ఒక ఊరు తన ఎరువు మానుకుంటానని, నా నోటిమాట కోసం కాచుకుంది. అంతటి అధికారం నాకు జీవితంలో మళ్ళీ రాలేదు. దానితో నేను చేసింది మొదట్లోనే చెప్పాను.

వైశాఖంలో పేపర్లు దిద్దడం అయిపోయాక ఊరికి వెళ్ళాను. మామిడిపళ్ళ కోసం వెళ్ళానంటే సరిపోతుంది. రేపల్లెలో రిక్షా మాట్లాడుకున్నాను. ఊరి ముందు దారి మలుపు తిరగగానే కృష్ణ కనబడింది. ఇసకా, నీటి చాలూ, అవతలి ఒడ్డున పడవ తెరచాపా అన్నీ. చిన్నప్పటినుంచీ ఆ మలుపులో నది కనబడేది కాదు. మధ్యలో దిబ్బ ఉండేది.

రిక్షాను మా ఇంటికి పంపి, నేను ఆయన ఇంటికి నడిచాను. అరుగు మీద ఆయన భార్య మినుములు చెరుగుతోంది. నన్ను చూసి చేట ఆపలేదు.

"రండి బాబూ, రండి. కోట చూద్దామనొచ్చారా? మీ అన్నగారి నారుమడిలో ఉంది, ఎళ్ళి చూడండి."

"పిన్నీ..."

"ఆ రోజు ఈయన ట్రాక్టరు ముందు నిలబడి, లెక్చరరుగారు చూస్తానన్నారయ్యా, వారం ఆగండయ్యా అని బతిమాలాడు. మీ అన్నగారు నిజంగానే ఆపారు. పాపం, ఆయన్నెందుకు అనాలి? మీ కార్డు ఆ మర్నాడే వచ్చింది. దిబ్బ మీదే నిలబడి అందరికీ చదివి వినిపించారు. నాకు సంబంధం లేదు అన్నకాడ కుర్రకారు ఈలలేశారు. ఈయన గొలుసు చుట్టుకుని ఇంటికొచ్చాడు. మూడ్రోజులు అన్నం ముట్టలా. చదువుకున్నోళ్ళు మీరు, ఇంకో రెండు ముక్కలు తగ్గించి రాసినా సరిపోయేదిగా?"

"ఊరుకోవే," అంటూ ఆయన లోపలినుంచి వచ్చాడు. నాకు కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు. తప్పయింది అన్నాను. ఆ మాట అనడానికి ఎంతసేపు పట్టిందో, అన్న వెంటనే నన్ను నేను సమర్థించుకోవడానికి అంతసేపు పట్టలేదు.

"ఇప్పుడింక చేసేదేమీ లేదు బాబాయ్. అంతా కలిసిపోయింది. చోటు తెలియని ముక్క వట్టి పెంకే."

విచారంగానే అన్నాను. కానీ లోపల ఎక్కడో తేలికపడ్డాను కూడా. చేసేదేమీ లేదంటే చెయ్యనక్కర్లేదు గదా.

ఆయన నా వంక వింతగా చూశాడు. "ఎందుకు తెలీదండీ? ఎవరి చేలో ఉంటే వాళ్ళ వంతుదేగా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన నిదానంగా విడమరిచాడు. ట్రాక్టరు వచ్చినా వంతులు తప్పలేదు. మా అన్నయ్యే దగ్గరుండి ఎవరి వంతు మట్టి వాళ్ళ నారుమడికే తోలించాడు. ఈశాన్యపు మూల మట్టి మా చేలో తప్ప ఇంకెక్కడా ఉండదు. నడిమి మట్టి రెండో వీధివాళ్ళ చేలల్లోనే ఉంటుంది. దిబ్బ పోలేదు. విడదీసి ఊరి చుట్టూ పరిచారు, అంతే. చుక్కల గీతల పటం చేతిలో ఉంటే ఏ చేలో ముక్క దిబ్బ మీద ఏ భాగానిదో చెప్పొచ్చు. అయితే జ్యేష్ఠంలో కాలవలకు నీళ్ళు వదులుతారు. దమ్ము చేశాక పెంకులు బురదలో దిగిపోతాయి. ఈలోగానే కావాలి.

"పటం ఉంది గదండీ తమ దగ్గర?" అన్నాడు.

మర్నాడు బాపట్ల వెళ్ళాను. సెలవులకు మూసిన కాలేజీ. వాచ్‌మన్‌ను బతిమాలి స్టాఫ్ రూము తెరిపించాను. హాజరు పట్టీల కింద, మడతలు నలిగి, ఉంది. ఎవరో దాని మీద టీ గ్లాసు పెట్టారు. కృష్ణ మధ్యలో గుండ్రటి మరక. ఎవరో అన్నాను. నా సొరుగులో గ్లాసు పెట్టేది నేనే.

చేలల్లో దిగాలంటే వాళ్ళ అనుమతి కావాలి. కార్డు అందరి ముందూ చదివారు కాబట్టి, తప్పని అందరి ముందూ చెప్పాలి. ముందు మా ఇంట్లోనే మొదలుపెట్టాను. అన్నయ్య పాలేళ్ళకు పని పురమాయిస్తున్నాడు.

"అన్నయ్యా, ఆ కార్డు రాయడం తప్పు. బాబాయ్ చెప్పిందాంట్లో విషయం ఉంది. నాకు అప్పుడే తెలుసు."

"తెలిసి ఎందుకు రాశావురా?"

"జనం నవ్వుతారని."

పాలేళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అన్నయ్య వాళ్ళని పనికి పొమ్మని నా వైపు తిరిగాడు. "ఆపమని ఒక్క ముక్క రాస్తే ఆపేవాణ్ణి. నేనే ఆయన ముందు చదివాను ఆ కార్డు. నన్నెంత వెధవని చేశావురా," అని, "పో, పోయి ఏరుకో. గట్లు మాత్రం చెడగొట్టకండి," అన్నాడు.

అలా ఇరవై ముప్పై గడపలు ఎక్కాను. కొందరు మజ్జిగ ఇచ్చారు. కొందరు "పోన్లెండి, ఎరువు మంచిదే" అన్నారు. ఒకావిడ, "అయితే ఇప్పుడు కోటేనా? రేపింకో కార్డు రాస్తారా?" అని అడిగింది. కోటో కాదో తెలియదన్నాను. కార్డు మాత్రం రాయనన్నాను.

ఏ చేను హద్దూ తప్పకుండా గొలుసు వేసి పెంకులు ఏరడం మొదలుపెట్టాం. గొలుసుకు ఆయన ముందు కొస, నేను వెనక కొస. మొదటి రోజే నా నడక వంకర అని తేలిపోయింది. "అబ్బాయిగారూ, పాము పాకినట్టు నడుస్తున్నారు. ఆ తాడిచెట్టు మొదలు చూసి నడవండి." "వదులు, వదులు. బిగించండి." గట్టు మీద పోయేవాళ్ళు "లెక్చరరు గారికి సర్వేలో ఉద్యోగం ఇచ్చారంట్రోయ్!" అన్నారు. "ఇంకా పర్మనెంటు చెయ్యలా," అన్నాడాయన వెనక్కి తిరగకుండా. అరచేతులు బొబ్బలెక్కాయి. దాన్ని పశ్చాత్తాపమని పెద్ద మాట అనను. ఎండలో చేసే పని అలాగే ఉంటుంది, మిగతావాళ్ళు రోజూ చేస్తారు.

చేనుకొక గంప. గంప మీద వంతుదారు పేరు. కాలవలకు నీళ్ళు వచ్చేలోగా తేలింది ఇంత: ఆయన ఇటుకలాంటి పెద్ద ఇటుకలు దిబ్బ అంచున నాలుగు వైపులా ఉన్న వంతుల చేలల్లోనే ఉన్నాయి. నడిమి వంతుల చేలల్లో కుండపెంకులూ బూడిదా తప్ప ఇటుక ముక్క లేదు. అంటే అంచు వెంబడి చుట్టూ ఇటుక గోడ ఉండేది. రోమన్ నాణెం ఒక్కటి కూడా దొరకలేదు. దొరికితే బాగుండునని నేను చూశాను, ఇంత జరిగాక కూడా. నా తలలో అప్పటికీ రోమ్ ముద్ర ఉంటేనే అది కోట. ఆయనకు ఆ బెంగ లేదు. "ఎవురిదైతే ఏంటండీ, రేవు కాచినోళ్ళు ఎవురో ఉన్నారు," అన్నాడు.

శాఖకు ఉత్తరం రాశాను. కనుగొన్నవారూ కొలిచినవారూ అన్నచోట ఆయన పేరు, ఉద్యోగం. నా కార్డు సంగతి కూడా అందులో రాశాను. అది లేకుండా, ఉన్న దిబ్బ ఎందుకు లేదో చెప్పడం కుదరలేదు. వానలు వెనకబట్టాక ఒక అధికారి వచ్చాడు. నన్ను వివరాలు అడగబోతే బాబాయ్‌ని చూపించాను. ఇద్దరూ పూటంతా తిరిగారు. కోట కావచ్చు, గోడ కట్టుకున్న సంతపేట కావచ్చు, తవ్వితే గానీ చెప్పలేం, తవ్వడానికి ఇప్పుడేముంది అన్నాడు అధికారి. పటాన్నీ, గంపల్లో నాలుగింటినీ తీసుకుపోయాడు. జీపు వెళ్ళేదాకా బాబాయ్ దారిలో నిలబడి, "టీ మరక తుడిచుంటే బాగుండేది," అని మాత్రం అన్నాడు.

నిజమేమిటో ఇప్పటికీ తెలియదు. కోట అని తేలి ఉంటే నా తప్పు పెద్దదయ్యేది, కాదని తేలితే చిన్నదయ్యేది అనుకునే రోజులు కొన్ని ఉన్నాయి. అది కూడా ఒక రకం తప్పించుకోవడమే. ఆయన అడిగింది కోట అని ఒప్పుకోమని కాదు, ఒక్క ఏడు ఆగమని.

డెబ్బైలు వచ్చేసరికి ట్రాక్టర్లు పెరిగాయి. పక్క ఊళ్ళలో ఇంకా దిబ్బలు మిగిలి ఉన్నాయి. ఆ అధికారి వచ్చి వెళ్ళిన మరుసటి ఏడు సంక్రాంతి సెలవులు అయిపోయిన వెంటనే, ఒక శనివారం రేపల్లె బండి దిగి ఆయన ఇంటికి వెళ్ళాను. ఎక్కడినుంచి మొదలుపెడదామని అడిగాను. కరకట్ట వెంబడి కింది ఊరి దిబ్బ అన్నాడు. రెండు ఆదివారాల్లో దాన్ని కొలిచాం, వంతులతో సహా. ఆ ఊరి పెద్దల్ని కూర్చోబెట్టి ఆయన పటం చూపిస్తుంటే నేను పక్కన నిలబడి, ఈయన చెప్పేదానితో నాకు సంబంధం ఉంది అన్నాను. శాఖకు ఉత్తరం ఉగాదికి నెల ముందే రాసి, ఆయన చేత చదివించి, ఇద్దరం సంతకాలు పెట్టి, రేపల్లెలోనే రిజిస్టరు చేయించాను.